ఈశాన్యం మూల మొదటి ట్యాంకు

మా ఊళ్ళో పైరుకు మందు కొట్టడం మగవాళ్ళ పని, దానికి నీళ్ళు మోయడం ఆడవాళ్ళ పని. పంపు వీపుకి తగిలించుకున్నవాడికి గాలి పెద్దగా పట్టదు. మందు ముందుకి పడుతుంది, అతను నడిచి వెళ్ళిపోతాడు. బిందె పట్టుకుని గట్టు మీద నిలబడ్డ మనిషికి మాత్రం గాలి ఎటు నుంచి ఎటు పోతుందో ముఖం మీదే తెలుస్తుంది. తుంపర వచ్చి చెంపల మీద పడుతుంది. పెదవి తడుపుకుంటే చేదు తగులుతుంది. ఇరవై ఆరేళ్ళుగా నేను ఆ గట్ల మీద నిలబడ్డాను. ఇన్నేళ్ళలో గాలి ఎలా ఉందని నన్ను ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాను. చెప్పినందుకు ఏం దక్కిందో, నా పత్తికి ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. ఊళ్ళో ఆ సంగతి ఇప్పటికే వేరే రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి రాయక తప్పడం లేదు.

నేను పుట్టింది శ్రీకాకుళం అవతల, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలోని ఊళ్ళో. మాది వ్యవసాయం. వేరుశనగ, వంగ, మిరప పండించేవాళ్ళం. మందు కలిపే ముందు మా నాన్న గట్టు మీద పొడి మన్ను పిడికిట్లోకి తీసుకుని భుజమెత్తు నుంచి వదిలేవాడు. అది రెండు మూడు అడుగులు పక్కకి ఒరిగి పడితే పంపు ఎత్తుకునేవాడు. అంతకన్నా దూరం పోతే దించేసేవాడు. నిలువునా కాళ్ళ దగ్గరే పడినా దించేసేవాడు. నాకది అర్థమయ్యేది కాదు. గాలి లేకపోవడమే మంచిది కదా అని ఒకసారి అడిగాను.

"పొగ సూడు," అన్నాడు. తెల్లారి ఇంకా గంట కాలేదు. ఇళ్ళలో పొయ్యిల పొగ పైకి లేవకుండా పొలాల మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. "పొగ పైకెల్లకుండా పాకతన్నాది. ఇలాటప్పుడు మందు తుంపర కూడా కిందకి దిగదు. అలగే గాల్లో ఏలాడి, మెల్లగా ఎవుల సేలోకో ఎల్లిపోతాది. మంచు ఆరనీ, పొగ లేవనీ."

పొగ లేచాక కొట్టేవాడు. పదీ పదిన్నరకి సముద్రం గాలి బలంగా వచ్చేది, అప్పుడు ఆపేసేవాడు. మళ్ళీ పొద్దు వాలాక చూసుకునేవాడు. మధ్యాహ్నం ఎండలో చచ్చినా కొట్టేవాడు కాదు, సన్న చినుకు ఆకు మీద పడేలోపే ఎండిపోతుందని. వాన మబ్బు కమ్మితే ఆ రోజుకి పంపు ఇంట్లోనే. "రోజు మొత్తం మీద రెండు మూడు గంటలే మనియి, మిగతాది గాలిది," అనేవాడు. నేనూ అప్పుడు నీళ్ళే మోశాను. కానీ మా నాన్న మన్ను వదిలి, "ఏటంటావు?" అని నా వంక చూసేవాడు. పదేళ్ళ పిల్లని. ఆ తర్వాత నన్ను అలా అడిగిన మగవాడు లేడు.

పెళ్ళయి రాజాం దగ్గర ఈ మెట్ట ఊరికి వచ్చాను. ఇక్కడి గాలి వేరు. సముద్రం గాలి ఇంత దూరం వచ్చేసరికి సాయంత్రమవుతుంది, అప్పటికి దానికి బలం ఉండదు. వానాకాలంలో ఇక్కడ పెత్తనమంతా పడమటి గాలిది. పొద్దున్న తొమ్మిదింటికి లేస్తుంది, సాయంత్రం నాలుగు దాటాక గానీ తగ్గదు. అది తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. తెలియనిది తెలియదనే ఒప్పుకుంటాను. కానీ గాలిలో మందు కొట్టకూడదని తెలియడానికి మూడేళ్ళు అక్కర్లేదు.

కొత్తగా వచ్చిన ఏడే ఆ మాట అన్నాను. మా మామగారి మిరప చేలో మందు కొడుతుంటే సగం పక్క బీడులోకి పోతోంది. "గాలి తగ్గాక కొడితే సగం మందు మిగులుతాది," అన్నాను. అక్కడ మా బావ ఉన్నాడు. బావంటే మా ఆయన పెదనాన్న కొడుకు, ఆయనకన్నా పెద్దవాడు. మా చేనుకి పడమట ఆనుకుని ఉన్నది ఆయన చేనే.

"సేపలోల ఊరి గుంట గాలి సంగతి సెప్తన్నాది," అన్నాడు బావ. "వల కూడా తెచ్చుకున్నావేటమ్మీ, పుట్టింటి నుండి?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. తుమ్మచెట్టు నీడలో కూర్చుని తలపాగాతో మూతి తుడుచుకుంటూ నవ్వాడు. ఆ తుమ్మచెట్టు కొట్టేసి పదేళ్ళయింది గానీ ఆ నవ్వు నాకు ఉన్నచోటనే ఉంది. మేం చేపల వాళ్ళం కాదు. అయితే మాత్రం తప్పేముంది? గాలి చూడకుండా పడవ దింపిన వాళ్ళు ఇంటికి రారు. వాళ్ళని అడిగితే మా బావకి నాలుగు ముక్కలు చెబుతారు.

బావ చెడ్డ రైతు కాదు, అది కూడా చెప్పాలి. దుక్కి బాగా చేస్తాడు. తెల్లారేసరికి చేలో ఉంటాడు. కానీ ఏ పనైనా పంచాంగం క్యాలెండర్ చూసి మొదలుపెడతాడు. విత్తనానికి, కోతకి చూసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఆయన మందు కొట్టడానికి కూడా వర్జ్యం చూస్తాడు. వర్జ్యం పెట్టే లోపు మొదటి ట్యాంకు పడిపోవాలి. అది కూడా చేనుకి ఈశాన్యం మూల నుంచే మొదలవ్వాలి, తూర్పు ముఖంగా నిలబడి. ఆయన చేనుకి ఈశాన్యం మూల అంటే నా చేనుకి వాయవ్యం మూల. మధ్యలో ఉన్నది జానెడు గట్టు.

రెండేళ్ళ కిందట మా ఎకరన్నరలో పత్తి వేశాను. "వేశాను" అని కావాలనే రాస్తున్నాను. మా ఆయన రాజాంలో ధాన్యం మిల్లుకి పనికి వెళతాడు, పొద్దున్న వెళితే చీకటి పడ్డాక వస్తాడు. అంతకు ముందు ఏడు వరకు బావ ఏది వేస్తే మేమూ అదే వేసేవాళ్ళం, మొక్కజొన్న. దున్నించేది నేను, కలుపు తీసేది నేను, ఏది వెయ్యాలో చెప్పేది మాత్రం బావ. ఆ ఏడు పట్టుబట్టాను. మా ఆయన వారం రోజులు మాట్లాడలేదు. చివరికి అన్నం ముందు కూర్చుని తేల్చాడు.

"ఎయ్యి. నీ ఇష్టం. కానీ పంట పోతే మళ్ళీ సేను సంగతి నువ్వెత్తకూడదు. అన్నయ్య ఏటెయ్యమంటే అదే."

"పోకపోతే?"

"పోకపోతే నీ సేను, నీ పత్తి, నీ పెత్తనం. నాను అడగను."

పందెం అదీ. ఇంట్లో ఎవరికీ తెలియని ఒప్పందం కాదు, మా బావకి కూడా మా ఆయనే చెప్పాడు.

పత్తి బాగా మొలిచింది. నలభై రోజుల పైరు, మోకాలి ఎత్తుకి వచ్చింది, అక్కడక్కడా మొగ్గ కనపడుతోంది. అప్పటికి బావ మొక్కజొన్నలో వెడల్పాకు కలుపు పెరిగింది. దానికి వేరే మందు ఉంది. అది మొక్కజొన్నని ఏమీ చేయదు, వెడల్పు ఆకు ఉన్న మొక్కని మాత్రం బతకనివ్వదు. పత్తి ఆకు ఎంత వెడల్పో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నర. పడమటి గాలి అప్పటికే లేచింది. గట్టు మీద గడ్డి తల తూర్పుకి వంచేసి ఉంది, వేప రెమ్మలు కాదు, కొమ్మలే ఊగుతున్నాయి. బావ, ఆయన కూలి మనిషి పంపులు తెచ్చుకుని ఈశాన్యం మూలకి వచ్చారు. వెనక మా అక్క, అంటే బావ భార్య, బోరు దగ్గర నుంచి బిందెతో నీళ్ళు తెస్తోంది. నేను కలుపు తీస్తున్నదాన్ని కొడవలి పడేసి గట్టు ఎక్కాను.

"బావా, ఒక్క మాట. గాలి మా వైపు ఉంది. సాయంత్రం కొట్టుకుందువు."

"సాయంత్రమేటి? పదీపావుకి వర్జ్యం పెడతాది. ఈలోపు మొదలెట్టీయాల."

"అయితే ఆ పడమట కొస నుంచి మొదలెట్టు. ఇటేపు నాలుగు సాళ్ళు ఒగ్గేయ్. ఆ నాలుగు సాళ్ళ కలుపు నాను తీసి పెడతాను."

ఇంతకన్నా ఏం చెయ్యాలి? నా చేలో కలుపే తీయలేక చస్తూ, ఆయన చేలో కలుపు తీసి పెడతానన్నాను. బావ జేబులోంచి ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. అందులో మబ్బు బొమ్మ, దాని కింద గాలి అంకె.

"సూడు. గాలి తక్కువని సూపిస్తన్నాది."

"అది రాజాంలో గాలి బావా. ఇక్కడ కొమ్మలు ఊగతన్నాయి, సూడు."

"ఫోను తప్పు, పంచాంగం తప్పు, నువ్వొక్కర్తివే రైటు. ఎల్లమ్మీ, నీ పని సూసుకో." కూలి మనిషి వైపు తిరిగి, "మా మరదలికి సముద్రం గుర్తొచ్చినట్టుంది," అన్నాడు. ఆ కూలి మనిషి ముందు అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత కూడా అదే హాస్యం.

పంపు మోత మొదలైంది. తెల్లటి తుంపర మొక్కజొన్న మీద పడినట్టే పడి, లేచి, గట్టు దాటి నా పత్తి మీదకి వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను. గట్టు మీద నా పక్కనే అక్క ఖాళీ బిందెతో నిలబడి ఉంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నా వంక చూడలేదు.

మూడో రోజుకి పత్తి కొసలు మెలి తిరిగాయి. పది రోజులకి కొత్తగా వచ్చిన ఆకు ఆకులా లేదు. అరచెయ్యంత ఉండాల్సింది కోడికాలు వేళ్ళలా సన్నగా చీలి, ఈనెలన్నీ దగ్గరకి లాక్కుపోయి ఉంది. నాలుగు రెమ్మలు తుంచి సంచిలో వేసుకుని రాజాం బస్సెక్కాను. బావకి ఆ మందు అమ్మిన దుకాణానికే వెళ్ళాను, కనీసం తాను అమ్మింది గుర్తుపడతాడని.

దుకాణదారు రెమ్మని వేలితో కూడా ముట్టుకోలేదు. "వైరస్," అన్నాడు. వెనక అరలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అది నాకొద్దన్నాను. ఆ కలుపు మందు అమ్మేటప్పుడు గాలి సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. "సీసా మీద రాసుంటాదమ్మా," అన్నాడు. సీసా చూపించమన్నాను. ఉంది. చీమ తల అంత అక్షరాల్లో, గాలి ఉన్నప్పుడు పిచికారీ చేయరాదని. ఆ అక్షరాలు చదవడానికి నా కళ్ళజోడుతో పాటు ఆయన కళ్ళజోడు కూడా కావాల్సి వచ్చింది.

ఊళ్ళో వ్యవసాయం సంగతులు చూసే కుర్రాడికి చెబితే ఫోటో పంపమన్నాడు. చేను రోడ్డు పక్కనే ఉంది, దిగి చూడమన్నాను. మీటింగు ఉందన్నాడు. ఫోటో చూసి, రసం పీల్చే పురుగు అన్నాడు. పురుగు ఎక్కడుందో చూపించమంటే ఫోన్ పెట్టేశాడు.

బావ చెప్పింది ఇంకా బాగుంది. "దిష్టి తగిలుంటాది. అంత ఏపుగా పెరిగితే తగలదా? ఆదివారం అరసవల్లి ఎల్లి దణ్ణం ఎట్టుకో, ముడతలు పోతాయి."

"సూర్యుడు సేసింది కాదు బావా. నువ్వు సేసింది."

"సూసేవా," అన్నాడు బావ, పక్కనున్న మా ఆయనతో. "ఇలగే మాటాడతాది. పెద్దంతరం సిన్నంతరం లేదు."

మా ఆయన నేల చూపులు చూశాడు. ఇంటికి వచ్చాక, "దున్నించేసి ఉలవలు జల్లేద్దాం," అన్నాడు. ఆ మాటలో బాధ లేదు. పందెం గెలిచినవాడి తొందర ఉంది. నేను పత్తి పీకనన్నాను. అసలు ఏం జరిగిందో తేలేదాకా ఆ చేలో నాగలి దిగనివ్వనన్నాను.

వారం రోజులు చేలో సాలు సాలు తిరిగాను. తిరుగుతుంటే కనపడింది. దెబ్బ అంతటా ఒకలా లేదు. బావ ఈశాన్యం మూలకి ఆనుకుని ఉన్న చోట మొక్కలు పూర్తిగా మెలి తిరిగిపోయాయి. అక్కడి నుంచి తూర్పుకి వెళ్ళేకొద్దీ తక్కువ. వాళ్ళు దక్షిణం కొసకి వచ్చేసరికి ఆ రోజు గాలి తగ్గింది, ఆ వైపు సాళ్ళకి ఏమీ లేదు, అరచేతుల్లాంటి ఆకులు. చేను ఉత్తరపు సగంలో మనిషి ఎత్తు పాముల పుట్ట ఒకటి ఉంది, నాగుల చవితికి పాలు పోస్తాం కాబట్టి దున్నకుండా వదిలేశాం. ఆ పుట్టకి పడమట మొక్కలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. పుట్టకి తూర్పున, సరిగ్గా దాని చాటున, ఎనిమిది మొక్కలు నిగనిగలాడుతున్నాయి. వాటి తర్వాత మళ్ళీ ముడతలు.

గాలి ఎక్కడ నడిచిందో, ఎక్కడ ఆగిందో చేను మీద గీసినట్టు ఉంది. ఇంత సాక్ష్యం ఉండగా ఎవరూ కాదనలేరు అనుకున్నాను. అదే నా తెలివితక్కువతనం.

ఊరి పెద్దలు నలుగురిని బతిమాలి చేనుకి తీసుకొచ్చాను. బావ వచ్చాడు, ఆయన వెనక అక్క, మిల్లుకి సెలవు పెట్టి మా ఆయన. నేను వాళ్ళని వాయవ్యం మూల నుంచి పుట్ట దాకా నడిపించాను.

"మావా, ఈ మొక్క సూడు. ఇప్పుడు పుట్ట ఇవతల ఇది సూడు. రెండింటికీ ఒకటే విత్తనం, ఒకటే ఎరువు. పురుగైతే పుట్ట సాటున ఎందుకాగిపోద్ది? వైరస్ అయితే దక్షిణం సాళ్ళకి ఎందుకు పోలేదు?"

పెద్దాయన కర్ర ఊతంగా వంగి రెండు ఆకులూ తుంచి పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "గుంట సెప్పింది నిజంలాగే ఉన్నాదిరా," అన్నాడు మిగతా వాళ్ళతో. నా గుండె కుదుటపడింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "మావా, పుట్టంటే ఏటి? నాగమ్మ తల్లి. తన పక్కనున్న మొక్కల్ని ఆ తల్లి కాపాడుకోదేటి?"

నలుగురిలో ఇద్దరు చెప్పులు వదిలి పుట్టకి దణ్ణం పెట్టారు. ఆ పుట్టకి ఏటా పాలు పోసేది నేను. ఆ తల్లిని నా మీదకే సాక్ష్యానికి తెచ్చాడు.

"అయితే అక్కని అడగండి," అన్నాను. "ఆ రోజు నీళ్ళు మోసింది అక్కే. గాలి ఎటుందో, మందు ఎటు పోయిందో అక్కకి తెలుసు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. గాలి లేకపోతే ఆ కొంగెందుకు?"

అందరూ అక్క వైపు తిరిగారు. ఆవిడ కాలి బొటనవేలితో మట్టి గీస్తూ, "నాకేటి తెలస్తాది? నాను నీళ్ళు మోసాను, అంతే," అంది.

అక్కడితో అయిపోయింది. అన్నదమ్ముల చేలు, సర్దుకుపొండి అన్నారు. పెద్దాయన వెళుతూ వెళుతూ నా తల మీద చెయ్యి వేసి, "వచ్చే ఏడు మొక్కజొన్నే ఎయ్యమ్మా, ఏ గొడవా ఉండదు," అన్నాడు. నిజం నాదని ఒప్పుకున్న మనిషే అలా అన్నాడు. కాదన్నవాళ్ళ మీద కన్నా ఆయన మీద నాకు ఎక్కువ కోపం.

చేను దున్నించలేదు. కొసలు తుంచాను. నీళ్ళు దొరికిన రోజు నీళ్ళు పెట్టాను. నెల దాటాక ముడతల మధ్య నుంచి మామూలు ఆకు ఒకటి వచ్చింది. తర్వాత రెండు, మూడు. దక్షిణం సగం వేళకి కాసింది. ఉత్తరం సగం అందరి పత్తీ ఇళ్ళకి చేరాక, చలిలో కాసింది. అందరికన్నా తక్కువే దిగింది గానీ పోలేదు. మా ఆయన బస్తాల వంక చూసి, "ఇది పండినట్టూ కాదు, పోయినట్టూ కాదు," అన్నాడు. ఇంకో ఏడు చూద్దామన్నాడు. అంటే పందెం అలాగే ఉంది. మళ్ళీ అదే గట్టు, అదే బావ.

ఆ ఆఖరి తీత రోజు అక్క వచ్చింది. మా మధ్య బదులు పనులు ఎప్పుడూ ఉన్నవే. ఆవిడ మొక్కజొన్నకి నేను వెళితే, నా పత్తికి ఆవిడ రావాలి. ఒడిలో దూది నింపుకుంటూ, తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"ఆ రోజు గాలి ఇటేపే ఉన్నాదే సెల్లీ. నా మొకం మీద పడింది. రెండ్రోజులు కళ్ళు మండాయి."

నా చేతులు ఆగిపోయాయి. "మరి నలుగురిలో అడిగితే తెలీదన్నావేం?"

"సెప్పీసి ఇంటికెల్తే నానేటి తినాలో నీకు తెలీదేటి?"

తెలుసు. ఆ ఇంటి గోడా మా ఇంటి గోడా ఒకటే. అయినా నా కోపం దిగలేదు. "నీ కళ్ళు మండితే రెండ్రోజులు. నా పత్తికి మూడు నెలలు," అన్నాను. అక్క సాలు చివరిదాకా తీసి, ఒడి దులిపి, పొద్దు ఉండగానే వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. ఆవిడ బాధ నాకు తెలుసు, కావాల్సిన వేళ ఆవిడ మాట నాకు అందలేదనీ తెలుసు. రెండూ నా దగ్గరే ఉన్నాయి.

పోయిన ఏడు మళ్ళీ పత్తి వేశాను. పక్కన మళ్ళీ బావ మొక్కజొన్న. గట్టు వెంట రెండు సాళ్ళు జొన్న దట్టంగా చల్లాను, అడ్డం ఉంటుందని. మందు కొట్టే వేళకి అది తొడ ఎత్తు కూడా రాలేదు. ఆ పొద్దున్న బావ పంపుతో ఈశాన్యం మూలకి వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను.

"మళ్ళీ వచ్చావేటి?" అన్నాడు.

"మళ్ళీ గాలి ఇటే ఉంది, అందుకే వచ్చాను."

"పదకొండింటికి వర్జ్యం. తప్పుకో."

నేను తప్పుకోలేదు. ఆయన నన్ను చుట్టి వెళ్ళి పంపు దించి మూత తీశాడు. కూలి మనిషి మందు కొలిచి పోశాడు. ఇక నీళ్ళు పోయడమే తరువాయి. అక్క బోరు నుంచి బిందె తెచ్చింది, ఆమె వెనక కూలి మనిషి భార్య ఇంకో బిందె. అక్క గట్టు ఎక్కి నిలబడింది. గాలి కొంగుని తూర్పుకి లాగుతోంది. ఆవిడ బిందె పంపులో వంచలేదు. గట్టు మీద దించి, దాని పక్కనే కూర్చుంది.

"ఏటే, నీళ్ళు పొయ్యి."

"గాలి తగ్గనీ."

"నీకెవులు సెప్పారు గాలి సంగతి?" అంటూ నా వంక చూశాడు.

"ఎవులూ సెప్పలేదు. నా మొకం సెప్పింది. పోయినేడు కళ్ళు మండితే నువ్వు మందేశావేటి?"

రెండో ఆమె కూడా బిందె దించింది. బావ కాసేపు అరిచాడు. ఏమని అరిచాడో రాయను, రాస్తే అచ్చు వేయరు. తర్వాత తానే బిందె ఎత్తుకోబోయాడు. మా ఊళ్ళో మగవాడు కావిడి మోస్తాడు, బస్తా మోస్తాడు గానీ బిందె ఎత్తడు. చంకలో పెట్టుకోవడం రాక రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు. సగం నీళ్ళు పంచె మీద పోయాయి. రోడ్డు మీద సైకిల్ దిగి చూస్తున్న ఒకతను, "బావా, పసుపు కూడా రాసుకోలేకపోయావా," అన్నాడు. బావ బిందె దించేశాడు. వర్జ్యం వచ్చేసింది. కూలి మనిషి వేపచెట్టు కిందకి వెళ్ళి పడుకున్నాడు.

ఆడవాళ్ళం ముగ్గురం గట్టు మీదే కూర్చున్నాం. అక్క నాతో మాట్లాడలేదు, నేనూ అక్కతో మాట్లాడలేదు. మధ్యాహ్నం కూలి మనిషి భార్య తన చద్దన్నంలో ఉల్లిపాయ చిదిమి మాకిద్దరికీ పెట్టింది. నాలుగున్నర దాటాక కొమ్మలు ఊగడం ఆగి ఆకులు మాత్రం కదులుతున్నాయి. అప్పుడు అక్క లేచి బిందె ఎత్తుకుంది. బావ మళ్ళీ ఈశాన్యం మూల నుంచే మొదలుపెట్టాడు. మొదలుపెట్టుకోనీ. తుంపర పడాల్సిన చోటే పడింది. నా పత్తికి ఒక్క ఆకు ముడత పడలేదు. ఆ ఏడు పంట చూసి మా ఆయన చేను సంగతి ఎత్తడం మానేశాడు. ఈ ఏడు కూడా పత్తే వేశాను, ఎవరినీ అడగలేదు.

కానీ ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన ఏమన్నాడో కూడా రాయాలి. "వదిన అలిసిపోయిందట గదా. ఆడోళ్ళు నీళ్ళు మొయ్యలేక కూకుండిపోతే సాయంత్రం దాకా ఆగాల్సొచ్చిందని అన్నయ్య సెప్తన్నాడు."

ఊరంతా అదే చెప్పుకుంది. ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నారు. గాలి పేరు ఎక్కడా లేదు, అక్క చూసి ఆపిందన్న మాట లేదు. ఆడవాళ్ళకి ఓపిక లేక ఆగిన పని అయిపోయింది అది.

అక్క అలిసిపోలేదు. బోరు ఆ గట్టుకి ఎంత దూరమో ఊళ్ళో అందరికీ తెలుసు. గాలి తగ్గాక, చీకటి పడేలోపు, ఆవిడ పద్దెనిమిది బిందెలు మోసింది. నేను గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను.